వంపు తలుపుల అల్మరా

శుక్రవారం పొద్దున్న కళ్ళు తెరుస్తూనే మేస్త్రి ఒక చిన్న పథకం వేసుకున్నాడు. ఇవాళ అల్మరా తలుపులకి జిగురు పెట్టాలి. రేపు వాటిని బందుల మీద నిలబెట్టాలి. ఆదివారం ఆవిడ బస్సు దిగి ఇంటికొచ్చేసరికి పడగ్గది మూలలో కొత్త అల్మరా సిద్ధంగా ఉండాలి. అంతే. ఇందులో చెడిపోవడానికి ఏముంది అనుకున్నాడు పాపం.

ఆవిడంటే మేస్త్రి భార్య. ఆస్పత్రిలో నర్సు. వేరే ఊరికి బదిలీ అయి రెండో ఏడు నడుస్తోంది. రెండు వారాలకోసారి వస్తుంది, ఒక్క రాత్రి ఉంటుంది, తెల్లారి మొదటి బస్సుకి వెళ్ళిపోతుంది. ఈసారి మాత్రం సంగతి వేరు. అక్కడే ఉండిపోయి హెడ్ నర్సు అవుతుందో, ఆ పదవి వద్దనుకుని ఇంటికి తిరిగొచ్చేస్తుందో సోమవారంలోగా పైవాళ్ళకి చెప్పాలి. పోయినసారి వెళ్ళేముందు గుమ్మంలో ఆగి, "మీరేమంటారు?" అని అడిగింది. 'వచ్చెయ్యవే, నీకు పుణ్యముంటుంది' అని మేస్త్రి గుండె గోలపెట్టింది. నోట్లోంచి మాత్రం "నీ ఇష్టం" అని వచ్చింది. ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసి, "సరేలెండి" అని సంచీ భుజాన వేసుకుంది. ఆ సరేలెండి అప్పట్నించీ మేస్త్రికి ముద్ద దిగనివ్వడం లేదు.

ఆయన చూడ్డానికి బెంగ పెట్టుకునే మనిషిలా కనిపించడు. ఎత్తరి, మోటు చేతులు, మాట పొదుపు. కానీ ఆవిడ లేని ఇంట్లో ఆయన అవస్థ ఆయనకే తెలుసు. పని నుంచి రాగానే "ఒంటినిండా పొట్టు! గుమ్మం దగ్గర దులుపుకుని రండి, మీకెన్నిసార్లు చెప్పాలి!" అని ఆవిడ కసిరేది. ఇప్పుడు కసిరే మనిషి లేదు. అందుకని గుమ్మం దగ్గర ఆగి, "దులుపుకుని రండి" అని తనే పైకి అనుకుని, దులుపుకుని లోపలికి వస్తున్నాడు. ఒకసారి ఎదురింటాయన ఇది విని, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు. మేస్త్రి దగ్గాడు.

'రా' అనే ఒక్క అక్షరం నోటితో అనలేక ఆ మనిషి చేత్తో అందామనుకున్నాడు. "వడ్రంగి పెళ్ళాన్నన్న మాటే గానీ నా బట్టలు పెట్టుకోవడానికి ఒక్క అర లేదు ఈ ఇంట్లో. వచ్చినప్పుడల్లా చుట్టంలా సంచీలోంచి తీసుకుని సంచీలో పెట్టుకుంటున్నా" అని ఆవిడ ఎప్పుడో అన్నది. ఆ మాట పట్టుకున్నాడు. పడగ్గది ఇరుకు. మంచానికీ మూలకీ మధ్య మనిషి పక్కకి తిరిగితే గానీ పట్టదు. అక్కడ మామూలు అల్మరా పెడితే దాని అంచు రోజూ ఆవిడ నడుముకి తగులుతుంది. అందుకని ముందు భాగం గుండ్రంగా ఉబ్బి ఉండే అల్మరా, దానికి వంపు తలుపులు రెండు. ఊరందరికీ పలకల తలుపులు బిగించి బిగించి విసిగిపోయిన చేతికి అది మంచి పని. తన వడ్రంగం షెడ్డులో చేస్తే ఎవడో ఒకడు విరిగిన కుర్చీ కాలు పట్టుకుని వస్తాడని ఇంట్లోనే మొదలుపెట్టాడు. అల్మరా చట్రం అప్పటికే మూలలో గోడకి బిగించేశాడు. మిగిలింది తలుపులే.

వంపు తలుపంటే పలకని మోకాలి మీద పెట్టి వంచడం కాదు. పల్చటి చెక్క పట్టీలకి జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, వంపు తిరిగిన అచ్చు మీద పెట్టి, చుట్టూరా క్లాంపులతో బిగించి మర్నాటిదాకా కదపకుండా వదిలెయ్యాలి. జిగురు ఆరకముందు ఒక్క క్లాంపు సడలినా పట్టీలు ఎవరి దారిన అవి చాచుకుంటాయి. బుద్ధున్నవాడు రోజుకో తలుపు చేస్తాడు. మేస్త్రికి బుద్ధి లేక కాదు, రోజు లేదు. రెండు అచ్చులు తయారుచేశాడు. క్లాంపులు మాత్రం ఒక తలుపుకే ఉన్నాయి. మిగతావి బావమరిది స్కూటర్ల షాపులో ఉన్నాయి. పోయిన నెల పట్టుకెళ్ళాడు, తేలేదు.

"ఒరేయ్, ఎక్కడున్నావు?" అన్నాడు మేస్త్రి ఫోన్లో.

"వచ్చేస్తున్నా బావా. దార్లోనే ఉన్నా."

మనుషులు ఇంత పాతబడ్డా ఈ మాట నమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. మేస్త్రి నమ్మి, రెండు తలుపులకీ జిగురు పూసేశాడు. మొదటిదాన్ని బిగించాడు. రెండోదాన్ని అచ్చు మీద పేర్చి వీధి వైపు చూశాడు. బావమరిది రాలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే, "సందు మలుపులో ఉన్నా బావా" అన్నాడు. వెనక నుంచి వాళ్ళావిడ "ఇంకా లేవలేదా?" అనడం వినిపించింది.

జిగురు పట్టు పడుతోంది. ఇక ఇంట్లో బరువున్న వస్తువు ప్రతిదీ మేస్త్రికి క్లాంపులాగే కనిపించింది. మంచం విప్పేసి పట్టెలు తెచ్చి తలుపు మీద అడ్డంగా పెట్టాడు. వంటింట్లో పొయ్యి గొట్టం ఊడదీసి గ్యాసు సిలిండరు దొర్లించుకొచ్చాడు. బట్టలారేసుకునే తాడు కోసి చుట్టాడు. కర్టెన్లు లాగేసి వాటి కడ్డీలతో తాడుని మెలిపెట్టి బిగించాడు. ఇంకా ఒక కొస లేస్తోంది. ఆవిడ నర్సింగు పుస్తకాలున్న ట్రంకుపెట్టె ముందుగదిలో ఉంది. దానికి తాడు కట్టి ఈడుస్తూండగా మెట్ల మీది నుంచి పిన్ని దిగింది.

పిన్నంటే మేడమీదుండే ఇంటి ఓనరు. వరసకి ఎవరికీ పిన్ని కాదు, అందరికీ పిన్నే. మేస్త్రి భార్యతో రోజూ ఫోన్లో మాట్లాడుతుంది. పిన్ని చెవిన పడిన మాట భార్యకి చేరడానికి పిన్ని మెట్లెక్కేంత సేపు చాలు.

"ఏంటబ్బాయ్, మంచం విప్పేశావు?"

"ఏం లేదు పిన్నీ. ఇల్లు సర్దుతున్నా."

"సర్దడానికి మంచం విప్పాలా?"

"కింద ఊడుద్దామని."

"గ్యాసు బండ కూడా ఊడదీశావు?"

"దాని కింద కూడా ఊడవాలిగా."

"మరి పెట్టెకి తాడెందుకు కట్టావు?"

పడగ్గదిలోంచి చెక్క కిర్రుమంది. "పిన్నీ, నీకు దణ్ణం పెడతా, నన్నొదిలెయ్. పనుంది" అని పెట్టెని లోపలికి ఈడ్చి తలుపు మూసేశాడు.

మూసిన తలుపు ముందు పిన్ని నిలబడి ఆలోచించింది. పెళ్ళాం ఊళ్ళో లేదు. మొగాడు ఒంటరిగా ఉన్నాడు. అలాంటివాడు ఊరికే ఇల్లు ఎందుకు సర్దుతాడు? మంచం విప్పి, గ్యాసు తీసి, పెట్టెలకి తాళ్ళు కట్టినవాడు ఇల్లు ఖాళీ చేస్తున్నట్టే గదా. పెళ్ళాం దగ్గరికి వెళ్ళిపోతున్నాడన్నమాట. మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నాడు. పిన్ని మొహం వెలిగిపోయింది. మోకాళ్ళ నొప్పులు మరిచిపోయి మెట్లెక్కింది.

బావమరిది మధ్యాహ్నానికి వచ్చాడు. చేతిలో క్లాంపుల సంచీ, మొహంలో కొండంత కోపం.

"మాటమాత్రం చెప్పకుండా వెళ్ళిపోతావా బావా? నేను పరాయివాణ్ణా?"

"ఎక్కడికెళ్తున్నాన్రా?"

"పిన్ని చెప్పిందిలే. సామాన్లన్నీ కట్టేశావట. అక్క దగ్గరికి మకాం మార్చేస్తున్నావట."

"పిన్నికి పనేం లేదు. నేనెక్కడికీ వెళ్ళట్లేదు" అని మేస్త్రి గొంతు తగ్గించాడు. "లోపల అక్క కోసం అల్మరా చేస్తున్నా. ఆదివారందాకా అక్కకి తెలియకూడదు. పిన్నికి అసలే తెలియకూడదు. నోరు మూసుకుని ఉండు."

బావమరిది లోపలికి తొంగిచూశాడు. విప్పిన మంచం, తాళ్ళు కట్టిన పెట్టె, ఊడిన కర్టెన్లు. వెళ్ళట్లేదంటూనే ఎవరికీ చెప్పొద్దంటున్నాడు బావ. బావ ఎంత లోతు మనిషో బావమరిదికి అప్పుడర్థమైంది. కన్ను గీటాడు. "నాకెందుకు తెలీదు బావా! అక్క కోసమే కదా. నా నోరు పెగలదు." ఆనందం పట్టలేక సాయం చేద్దామని ట్రంకుపెట్టె ఎత్తాడు.

తలుపు కొస టప్పున లేచింది.

"కూర్చో!" అని మేస్త్రి అరిచాడు.

"ఎక్కడ?"

"దాని మీదే! నీ బరువంతా పెట్టి కూర్చో!"

బావమరిది మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. కూర్చోగానే పట్టీలన్నీ అణిగిపోయాయి. వాడు తెచ్చిన క్లాంపులు మేస్త్రి సంచీలోంచి తీసి చూస్తే సగానికి మరలు తుప్పుపట్టి కదల్లేదు. ఇక చేసేదేముంది? "వీటికి నూనె పోసి తిప్పేదాకా నువ్వు కదలకు" అన్నాడు. కదలకుండా కూర్చున్నవాడికి కాలక్షేపం కావాలి గదా. చేతిలో ఫోనుంది. బావమరిది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు గుసగుసగా మాట్లాడాడు. పెళ్ళాంతో కాబోలని మేస్త్రి పట్టించుకోలేదు. పెళ్ళాంతో రోజూ గుసగుసలాడుకోగలిగే అదృష్టానికి కొంచెం కుళ్ళుకున్నాడు కూడా.

ఆ సాయంత్రం ఆవిడే ఫోన్ చేసింది.

"ఏం చేస్తున్నారు?"

"ఏం లేదు. ఇల్లు సర్దుతున్నా."

"నిజంగానేనా?" అంది ఆవిడ. గొంతు మారిపోయింది.

"నిజంగానే. అబద్ధమెందుకు చెబుతా?"

"అయితే జాగ్రత్తండి. బరువులు మీరొక్కరే ఎత్తకండి. నడుం పట్టేస్తుంది." ఫోన్ పెట్టేసేముందు ఆవిడ ముక్కు ఎగబీల్చినట్టు వినిపించింది. ఆ గొంతు అంత మెత్తగా విని ఎన్నాళ్ళయిందో మేస్త్రికి గుర్తు రాలేదు. ఇల్లు ఊడుస్తున్నానంటేనే ఇంత కరిగిపోతే అల్మరా చూసి ఏమవుతుందోనని పొంగిపోయాడు. మంచం లేక నేల మీద చాప పరుచుకుని, పొయ్యి లేక బిస్కెట్లు నీళ్ళలో ముంచుకు తిని, సుఖంగా పడుకున్నాడు.

శనివారం తలుపులు అచ్చుల్లోంచి బయటికొచ్చాయి. మొదటిది వేలితో గీసినట్టుంది. రెండోది బావమరిది కూర్చున్నచోట అనుకున్నదానికంటే కాస్త ఎక్కువ వంగింది. మేస్త్రి దాని భుజం తట్టి, చిత్రికతో అంచులు సరిచేశాడు. వంపు తలుపుకి అసలు చిక్కంతా బందుల దగ్గరే. మామూలు మడత బందులు వేస్తే తెరిచినప్పుడు ఉబ్బిన పొట్ట చట్రానికి రాసుకుంటుంది. అందుకని పైనొకటీ కిందొకటీ ఇరుసు బందులు, అంచు నుంచి కాస్త లోపలికి. ఆ రెండూ ఒకే నిలువు గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా తలుపు మొండికేస్తుంది. గుండు తాడు వేలాడదీసి, ఊపిరి బిగబట్టి కన్నాలు తొలిచాడు. తలుపు నిలబెట్టి వేలితో తోస్తే అది తనంతట తనే తిరిగి వెళ్ళి మూసుకుంది. మేస్త్రి దాన్ని మళ్ళీ తెరిచాడు, మళ్ళీ తోశాడు. ఈ చప్పుడు రోజూ పొద్దున్నే ఆవిడ చేతిలో వినాలని ఎంత ఆశపడ్డాడో చెప్పలేం.

రెండో తలుపూ నిలబెట్టాడు. ఇక మిగిలింది రెండు తలుపులూ కలిసేచోట సందు చూసుకోవడం. అది బయటినుంచి తెలియదు. లోపల చీకట్లో కూర్చుంటే వెలుతురు ఎక్కడ సన్నగా, ఎక్కడ లావుగా వస్తోందో కనిపిస్తుంది. అరలు ఇంకా బిగించలేదు గనక మేస్త్రి మోకాళ్ళు ముడుచుకుని లోపల దూరి తలుపులు లాక్కున్నాడు. వెలుతురు పైనుంచి కిందిదాకా దారంలా పడింది. ఒక్క మధ్యలో మాత్రం, బావమరిది కూర్చున్నచోట, అసలు లేదు. అక్కడ తలుపులు రెండూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. తోశాడు. రాలేదు. లోపలివైపు పిడి లేదు. లోపలినుంచి తెరవాల్సిన అవసరం వస్తుందని ఏ వడ్రంగీ అనుకోడు.

గట్టిగా తంతే ఊడొస్తుంది. కానీ ఎవరు తంతారు? ఆ తలుపుని తన్నే కాలు మేస్త్రికి లేదు. ఫోను కిటికీలో ఉంది. అది మోగడం మొదలుపెట్టింది. ఆవిడ ఫోను మోత వేరే ఉంటుంది. మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. అంత దగ్గరగా మోగుతున్నా అందుకోలేక మేస్త్రి చెక్కకి నుదురానించి కూర్చున్నాడు. ఇంతలో వీధి తలుపు తీసిన చప్పుడైంది. హమ్మయ్య అనుకున్నాడు.

"రండమ్మా, చూసుకోండి" అంది పిన్ని గొంతు. "గాలీ వెలుతురూ ధారాళం. ఇదిగో, ఇది పడగ్గది."

"ఇంట్లో ఉన్నవాళ్ళు ఎప్పుడు వెళ్తున్నారండీ?" అని ఒక మగ గొంతు అడిగింది.

"రేపే. లారీ కూడా మాట్లాడేశాడు వాళ్ళ బావమరిది."

అల్మరాలో ఉన్న మనిషి అరవబోయాడు. అంతలో పిన్ని అన్న మాట ఆయన నోరు కట్టేసింది.

"ఆ పిల్ల నిన్ననే అక్కడ హెడ్ నర్సు పనికి ఒప్పేసుకుందమ్మా. సోమవారందాకా కూడా ఆగలేదు. మొగుడు ఇల్లు ఖాళీ చేసి తన దగ్గరికొస్తున్నాడని నేనే చెప్పా. ఫోన్లో ఏడ్చేసింది. 'పిన్నీ, ఆయన్ని రమ్మని అడగాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆయన షెడ్డూ పనీ వదులుకోమని ఏ మొహం పెట్టుకుని అడగను? ఆయనంతట ఆయనే వస్తున్నారా!' అని ఒకటే ఏడుపు."

కొంప మునిగిందని మేస్త్రికి మొదట అనిపించింది. తర్వాత పిన్ని మీద ఒళ్ళు మండింది. తర్వాత ఆ రెండూ పోయి, భార్య అన్న మాట ఒక్కటే ఆ చీకట్లో మిగిలింది. ఇన్నాళ్ళూ ఆవిడ వచ్చే బస్సు కోసం ఎదురుచూశాడు గానీ, ఆ బస్సు ఇటునుంచి అటు కూడా వెళ్తుందన్న ఊహే ఆయనకి రాలేదు. అక్కడ ఆవిడ తనలాగే ఒంటరిగా తింటూ, తనలాగే మాట మింగుతూ ఉందని తోచలేదు. మేస్త్రికి కళ్ళు చెమ్మగిల్లాయి. తుడుచుకుందామంటే చెయ్యి కదిపే చోటు లేదు.

"ఎంత బాగుందండీ ఈ అల్మరా!" అని ఒక ఆడగొంతు దగ్గరికొచ్చి పిడి పట్టుకు లాగింది.

బయటినుంచి గట్టిగా లాగేసరికి తలుపు హాయిగా వచ్చేసింది. లోపల మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, చేతిలో స్క్రూడ్రైవరుతో, చెంపల మీద తడితో మేస్త్రి కూర్చుని ఉన్నాడు. ఆ అమ్మాయి కెవ్వుమని మొగుణ్ణి వాటేసుకుంది.

"మెల్లిగా లాగమ్మా, బందులు కొత్తవి" అన్నాడు మేస్త్రి.

పిన్ని ముక్కున వేలేసుకుంది. "ఇది కూడా సర్దడమేనా అబ్బాయ్?"

మేస్త్రి కాళ్ళు చాపుకుంటూ బయటికొచ్చాడు. ఒంటి మీది పొట్టు దులుపుకున్నాడు. 'నేనెక్కడికీ వెళ్ళట్లేదు, ఇదంతా నీ నిర్వాకం' అని పిన్ని మొహాన అనేయడానికి మాట నాలిక మీదే ఉంది. కొత్తవాళ్ళు భయంభయంగా చూస్తున్నారు. ఎప్పుడు ఖాళీ చేస్తావని పిన్ని అడగనే అడిగింది.

"చెప్పావుగా పిన్నీ. రేపే" అన్నాడు మేస్త్రి.

వాళ్ళు వెళ్ళాక రెండో తలుపు దింపి, కరుచుకున్నచోట చిత్రిక పట్టి, మళ్ళీ నిలబెట్టాడు. ఎవరు వాడుకుంటారో తెలియని తలుపుని ఇంత శ్రద్ధగా సరిచేయడం ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా అనుకోలేదు.

ఆదివారం లారీ ముందొచ్చింది, ఆవిడ తర్వాతొచ్చింది. లారీ మీద బావమరిది కూర్చుని, "ఎలా ఉంది బావా నా సర్‌ప్రైజు?" అని కేకేశాడు. ఆవిడ రెండు పెద్ద ఖాళీ సూట్‌కేసులు మోసుకుంటూ చిన్నపిల్లలా నవ్వుకుంటూ వచ్చింది. "సామాన్లు సర్దడానికి తెచ్చా" అంటూ పడగ్గదిలోకి వెళ్ళి ఆగిపోయింది. అల్మరా చుట్టూ చూసింది. వంపు మీద అరచేత్తో రాసింది. తర్వాత పక్కకి వంగి గోడకీ చట్రానికీ మధ్య చూసింది. వడ్రంగితో ఇంతకాలం కాపురం చేసిన మనిషి.

"ఊరు వదిలి వెళ్ళేవాళ్ళు అల్మరాని గోడకి ఎందుకు బిగిస్తారండీ?"

మేస్త్రి తలుపు అంచున లేని పొట్టు దులిపాడు.

"మీరు రావడానికి కాదు సర్దింది. నేను రావడానికి." ఆవిడ విప్పిన మంచం పట్టె మీద కూలబడింది. "అయ్యో నా మతి మండా. నేను అక్కడ ఒప్పేసుకున్నానండీ. ఇప్పుడేం చెయ్యను? పోనీ రేపు పొద్దున్నే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి..."

"వద్దు" అన్నాడు మేస్త్రి. ఈసారి ఆగలేదు. "నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఉండలేకపోతున్నానే. రమ్మందామంటే నోరు రాలేదు. అందుకని తలుపులు చేశా. అవి చెబుతాయనుకున్నా. నువ్వెక్కడుంటే అక్కడే ఉంటా. అక్కడ మాత్రం జనానికి తలుపులు అక్కర్లేదా?"

ఆవిడ ఏడుస్తూ నవ్వింది. "ఒక్కమాట. ఒక్కమాట అనడానికి ఇంత చెక్క పాడుచేశారా?"

"పాడెక్కడ చేశాను? చూడు, వేలితో తోస్తే మూసుకుంటుంది."

ఆవిడ తోసింది. మూసుకుంది. తెరిచి మళ్ళీ తోసింది. "ఊడదీసి తీసుకెళ్దామా?"

"ఈ మూల కొలతకి చేసింది, ఇంకెక్కడా కుదరదు. అక్కడి మూల చూసి ఇంకోటి చేస్తా."

"అప్పుడు కూడా లోపల కూర్చుంటారా?" అంది ఆవిడ. పిన్ని ఆ సంగతి అప్పుడే చెప్పేసిందన్నమాట.

బయట బావమరిది హారన్ మోగించాడు. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని ట్రంకుపెట్టె ఎత్తారు. ఎవరు ముందు నడవాలన్నదాని మీద గుమ్మం దగ్గర కాసేపు గట్టిగా పోట్లాడుకున్నారు. ఆ పోట్లాట వీధంతా వినిపించింది. మేస్త్రికి అది ఎంత హాయిగా ఉందంటే, కావాలనే తప్పు కొస పట్టుకున్నాడు.

మర్నాడు కొత్తవాళ్ళు దిగారు. తాను ఒకరి సంగతుల్లో వేలుపెట్టే మనిషిని కాదని పిన్ని వాళ్ళకి ముందే చెప్పేసి, ఆ అమ్మాయి ఫోన్ నంబరు తీసుకుంది.